నడుము నొప్పి ఉన్న స్వారీ గుర్రం: చికిత్స, వ్యాయామం, పునరావాసం

స్వారీ గుర్రానికి జీను వెనక నుంచి తోక మొదలు దాకా ఎక్కడైనా వచ్చే నొప్పిని స్థూలంగా నడుము–కటి నొప్పి అంటారు. నడుము పూసలు, నడుమును త్రికాస్థితో కలిపే కీలు, త్రికాస్థిని కటి ఎముకతో కలిపే సాక్రోఇలియాక్ కీలు, వీటిని పట్టి ఉంచే లిగమెంట్లు, చుట్టూ ఉన్న కండరాలు – వీటిలో ఏది దెబ్బతిన్నా ఈ నొప్పి రావచ్చు. చాలాసార్లు ఇది విడిగా వచ్చే జబ్బు కాదు. వెనక కాలి కుంటు, సరిపడని జీను, తప్పుగా చెక్కిన గిట్ట, అదుపు లేని పని, వీటి భారమంతా చివరికి నడుము మీద పడుతుంది.

అందుకే పునరావాసంలో మూడు పనులుంటాయి. మూలకారణాన్ని కనిపెట్టి తీసేయాలి. నొప్పిని తగ్గించాలి. నొప్పి వల్ల పని మానేసిన కండరాలను వరుస తప్పకుండా మళ్లీ పనిలో పెట్టాలి. మొదటి రెండూ చేసి మూడోది వదిలేసిన చోట జబ్బు తిరగబెడుతుంది.

శరీర నిర్మాణం

గుర్రం వెన్నెముకలో మెడకు 7, వీపుకు 18, నడుముకు సాధారణంగా 6 పూసలుంటాయి. కొన్ని అరబ్బీ గుర్రాలకు నడుము పూసలు 5 మాత్రమే. ఆ వెనక 5 పూసలు ఒకటిగా అతుక్కుపోయి త్రికాస్థి ఏర్పడుతుంది. వీపు పూసలకు పక్కటెముకల ఆసరా ఉంది, నడుము పూసలకు లేదు. రౌతు బరువు చివరి పక్కటెముక దాటి వెనక్కి రాకూడదనే నియమం ఇందుకే పుట్టింది.

నడుము పూసలకు ఇరుపక్కలా పొడవైన అడ్డముళ్లుంటాయి. చివరి రెండు మూడు పూసల దగ్గర ఇవి ఒకదానితో ఒకటి కీళ్లుగా కలిసి, నడుము పక్కలకు వంగకుండా బిగించి పెడతాయి. వెనుక భాగంలో వెన్ను వంపు చాలా వరకు నడుముకు, త్రికాస్థికి మధ్య ఉన్న ఒక్క కీలు నుంచే వస్తుంది. పరుగులో వెనక కాళ్లు పొట్ట కిందికి రావాలన్నా, డ్రెస్సాజ్ అనే కదలికల నైపుణ్యపు పోటీలో గుర్రం తన బరువును వెనక కాళ్ల మీదికి తీసుకోవాలన్నా ఈ కీలు వంగాల్సిందే. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దానికి చెందిన గ్రీకు రచయిత క్సెనోఫన్, గుర్రం కొనేవాళ్లు నడుము వెడల్పుగా, పొట్టిగా ఉందో లేదో చూసుకోవాలని తన అశ్వారోహణ గ్రంథంలో చెప్పాడు. అలాంటి గుర్రమే ముందు భాగాన్ని తేలిగ్గా ఎత్తి, వెనక భాగాన్ని ముందుకు తెచ్చుకుంటుందన్నది ఆయన వాదన.

సాక్రోఇలియాక్ కీలు పని వేరు. అది వంగడానికి కాదు, బలాన్ని దాటించడానికి ఉంది. వెనక కాలు నేలను తన్నిన ఊపు తుంటి మీదుగా కటి ఎముకకు, అక్కడి నుంచి ఈ కీలు గుండా వెన్నుకు చేరుతుంది. దీనిలో కదలిక చాలా స్వల్పం. పైన, నడుమ, కింద ఉన్న దిట్టమైన లిగమెంట్లే దీన్ని పట్టి ఉంచుతాయి. కాలు జారడం, పడిపోవడం, వెనక కాళ్లు అకస్మాత్తుగా విడిపోవడం లాంటి ప్రమాదాల్లో దెబ్బతినేది ఎక్కువగా ఈ లిగమెంట్లే.

కండరాల్లో లాంగిస్సిమస్ పైకి కనిపించే పెద్ద వీపు కండరం. దాని లోపల, పూసలను ఆనుకుని మల్టిఫిడస్ అనే పొట్టి పోగుల కండరం ఉంటుంది. పూసకూ పూసకూ మధ్య నిలకడ దీని పని. నడుము కింద సోయాస్, పిరుదుల్లో గ్లూటియల్ కండరాలు, అడుగున పొట్ట కండరాలు ఉంటాయి. డచ్ శాస్త్రవేత్త స్లైపర్ 1946లో ఈ అమరికను విల్లు, నారి పోలికతో వివరించాడు. వెన్ను విల్లు, పొట్ట కండరాలు నారి. నారి బిగిస్తే వీపు పైకి లేస్తుంది, వదులైతే కిందికి జారుతుంది. పొట్ట కండరాలను పక్కన పెట్టి వీపుకు మాత్రమే చేసే చికిత్స ఎందుకు నిలవదో ఈ పోలికే చెబుతుంది.

కారణాలు

నడుము నొప్పికి నేరుగా దారితీసేవాటిలో సాక్రోఇలియాక్ కీలు అరుగుదల, లిగమెంట్ల వాపు, వెన్నుముళ్లు ఒకదానికొకటి రాసుకోవడం, పూసల మధ్య చిన్న కీళ్ల వాతం, కండరాల పట్టివేత ముఖ్యమైనవి. వెన్ను జబ్బుల మీద ఇంగ్లండ్‌కు చెందిన లియో జెఫ్‌కాట్ 1980లో 443 గుర్రాల వివరాలతో ప్రచురించిన సర్వే ఈ రంగానికి పునాది వేసింది.

పరోక్ష కారణాలు అంతకంటే ఎక్కువ. వెనక కాలి సస్పెన్సరీ లిగమెంటు, హాక్ కీలు (వెనక కాలి నడిమి కీలు), మోకీలు నొప్పిగా ఉంటే గుర్రం ఆ కాలిని కాపాడుకోవడానికి నడుమును బిగిస్తుంది. నెదర్లాండ్స్‌లో 2004లో వెలువడిన ఒక పరిశీలనలో వీపు సమస్యతో వచ్చిన గుర్రాల్లో నూటికి 74 కుంటుతున్నట్లు కూడా తేలింది. సాక్రోఇలియాక్ నొప్పి ఉన్న 296 గుర్రాల మీద బార్‌స్టో, స్యూ డైసన్ 2015లో ప్రచురించిన అధ్యయనంలోనూ వెనక కాలి కుంటు తోడుగా తరచూ కనిపించింది. కాబట్టి నడుము పట్టుకున్న గుర్రాన్ని చూసే వైద్యుడు మొదట దాని కాళ్లను పరీక్షిస్తాడు.

వెనక గిట్టల మడమ బాగా కిందికి దిగి, వేలు ముందుకు సాగిన గుర్రాల్లో పిరుదులు, నడుము నొప్పి ఎక్కువగా కనిపిస్తుంది. కడుపులో పుండ్లు, ఆడగుర్రాల్లో అండాశయం నొప్పి, సెలవు తర్వాత పనిలోకి దిగగానే కండరాలు కొయ్యబారే జబ్బు కూడా నడుము నొప్పిని పోలి ఉంటాయి. వీటిని విడదీసి చూడకుండా వ్యాయామం మొదలుపెడితే మేలు కంటే కీడే ఎక్కువ.

లక్షణాలు

పైకి కనిపించే కుంటు ఉండకపోవచ్చు. ట్రాట్ (దుడుకు నడక)లో బాగానే నడిచి, క్యాంటర్ (నెమ్మది దౌడు)లోకి రాగానే రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలు గెంతులు వేయడం ఈ నొప్పికి బాగా పేరుపడిన గుర్తు. క్యాంటర్‌లో ముందు కాళ్ల వరుస ఒకటి, వెనక కాళ్ల వరుస మరొకటి అయిపోవడం, మలుపులో బిగదీసుకోవడం, వెనక్కి నడవమంటే మొరాయించడం, ఎగిరి తన్నడం, తోకను ఒక పక్కకు పట్టుకోవడం తక్కినవి. ఖాళీగా తిప్పినప్పటి కంటే రౌతు ఎక్కినప్పుడు ఇవి పెరుగుతాయి.

గుర్రాన్ని సాకే సైసుకు ముందుగా తెలిసే గుర్తులు వేరే ఉన్నాయి. మాలీసు చేస్తుంటే నడుము దగ్గర చర్మం విదిలించడం, తంగు (జీను పట్టీ) బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టడం, లాడం కొట్టేవాడు వెనక కాలు ఎత్తి పట్టుకుంటే నిమిషం కూడా నిలవకుండా కాలు లాగేసుకోవడం. ఇలా ఎత్తిన కాలు లాగేసుకునే గుర్రానికి తరచూ పొగరుబోతు అన్న పేరు వస్తుంది. ఎత్తిన కాలి బరువంతా రెండో వైపు సాక్రోఇలియాక్ కీలు మీద పడటం దానికి అసలు కారణం కావచ్చు.

ఇలాంటి ప్రవర్తనను కొలవడానికి స్యూ డైసన్ బృందం 2018లో స్వారీ గుర్రాల నొప్పి పట్టికను ప్రచురించింది. అందులో 24 ప్రవర్తనలున్నాయి. నోరు తెరవడం, తల విసరడం, కన్ను బిగుసుకుపోవడం, తోక కొట్టడం లాంటివి వాటిలో కొన్ని. స్వారీలో వీటిలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే ఎముకలు, కండరాలకు సంబంధించిన నొప్పి ఉండే అవకాశం ఎక్కువని భావిస్తారు.

నిర్ధారణ

వైద్యుడు గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టి వెనక నుంచి చూస్తాడు. పిరుదుల మీది రెండు ఎముక శిఖరాలు ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒక వైపు కండ తగ్గిందా అన్నది మొదటి ప్రశ్న. శిఖరాలు ఎగుడుదిగుడుగా ఉన్నంత మాత్రాన ఇప్పుడు నొప్పి ఉందని కాదు. పాత దెబ్బ మానిన గుర్రాల్లోనూ, ఏ బాధా లేని గుర్రాల్లోనూ అలా ఉండవచ్చు. తర్వాత వేళ్లతో వీపు పొడవునా నొక్కుతూ, కండరం ఎక్కడ రాయిలా బిగుస్తోందో, గుర్రం ఎక్కడ వీపు కిందికి దించుతోందో గమనిస్తాడు. నేరుగా, గుండ్రంగా, మెత్తటి నేల మీద, గట్టి నేల మీద, చివరగా రౌతుతో నడిపించి చూస్తాడు.

ఈ భాగాన్ని మందపాటి కండరాలు కప్పేయడం వల్ల ఎక్స్‌రేతో పని పూర్తి కాదు. చర్మం మీద నుంచి, మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్, ఎముకల్లో చురుకైన చోట్లను చూపే సింటిగ్రఫీ తోడుగా వాడతారు. కీలు చుట్టూ మత్తుమందు వేసి, నడక మెరుగుపడిందా అని చూడటం మరో పద్ధతి. మందు సయాటిక్ నరానికి చేరితే గుర్రం కొంతసేపు వెనక కాలి మీద నిలబడలేకపోవచ్చు. కాబట్టి ఇది అనుభవజ్ఞులు మాత్రమే చేయాల్సిన పని.

రేసు గుర్రాల్లో కటి ఎముకకు పగుళ్లు ఏర్పడటం ఉంది. ఆ పగులు విడిపోతే ఎముక అంచు పెద్ద ధమనిని కోసి ప్రాణం తీయవచ్చు. ఆ అనుమానం తొలగే దాకా సాగదీయడం, ఒత్తడం, నడిపించడం ఏదీ చేయకూడదు.

వైద్య చికిత్స

తొలిదశలో ఫినైల్‌బ్యుటాజోన్ లాంటి వాపు తగ్గించే మందులు, కండరాల బిగువు తగ్గించే మందులు ఇస్తారు. సాక్రోఇలియాక్ కీలు చుట్టూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయడం వాడుకలో ఉన్న చికిత్స. షాక్‌వేవ్, ఆక్యుపంక్చర్, చేతి చికిత్స, విద్యుత్ ప్రేరణ తోడుగా వాడేవి. వాపు మందులు ఎక్కువ కాలం వాడితే కడుపులోను, పేగుల్లోను పుండ్లు పడతాయి. పోటీల్లో పాల్గొనే గుర్రాలకు ఔషధ నియంత్రణ నియమాలు వర్తిస్తాయి.

మందు, ఇంజెక్షన్ చేసే పని నొప్పి లేని కొద్ది వారాల వ్యవధి ఇవ్వడమే. ఆ వ్యవధిలో వ్యాయామం సాగితే ఫలితం నిలుస్తుంది. నొప్పి తగ్గింది కదా అని గుర్రాన్ని నేరుగా పాత పనిలోకి దించితే, బలహీనపడిన కండరాలు అలాగే ఉండి అదే కీలు మళ్లీ దెబ్బతింటుంది.

పునరావాస దశలు

*మొదటి దశ: నొప్పి తగ్గించడం.* లిగమెంటు తాజాగా చిరిగినప్పుడు కొన్ని వారాల కట్టడి అవసరం. అలా కానప్పుడు శాలలో కట్టేసి ఉంచడం కంటే చదునైన చిన్న ఆవరణలో వదలడం, రోజుకు రెండుసార్లు చేత్తో పట్టుకుని నడిపించడం మేలు. జారుడు గచ్చు, లోతైన ఇసుక, ఇరుకు మలుపులు ఉండకూడదు. మేతను ఎత్తులో కాకుండా నేల మీద పెడితే మెడ కిందికి వంగి, వీపు సహజంగా పైకి లేస్తుంది.

*రెండో దశ: లోపలి కండరాలు.* పునరావాసానికి ఆయువుపట్టు ఇదే. వెన్నెముకలో మార్పులున్న థారోబ్రెడ్ (రేసు జాతి) గుర్రాల్లో మల్టిఫిడస్ సన్నగిల్లినట్లు పరిశోధకురాలు నారెల్ స్టబ్స్ బృందం గమనించింది. నొప్పి పోయినా ఈ కండరం తనంతట తాను కోలుకోదని మనుషుల నడుము నొప్పి పరిశోధనల్లో ముందే తేలింది. స్టబ్స్, హిలరీ క్లేటన్ తదితరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో 8 గుర్రాల చేత వారానికి 5 రోజులు, 3 నెలల పాటు మెడ వంపు వ్యాయామాలు చేయించగా, మల్టిఫిడస్ మందం పెరిగింది.

దీనికి కావలసింది ఒక క్యారెట్, ఓపిక. గుర్రాన్ని గోడ పక్కన, జారని నేల మీద నిలబెడతారు. క్యారెట్‌ను మూతి ముందు చూపి, గడ్డం ఛాతీకి ఆనేలా నెమ్మదిగా వెనక్కి తెస్తారు. తర్వాత ముందు మోకాళ్ల మధ్యకు, ఆపై కాలి గిట్టల దగ్గరకు తెస్తారు. పక్కలకు తంగు దాకా, డొక్క దాకా, వెనక హాక్ కీలు దాకా తిప్పిస్తారు. ప్రతి చోటా కొన్ని క్షణాలు ఆపి, అప్పుడు క్యారెట్ ఇస్తారు. ఒక్కో వంపూ 5 సార్లు. మెడ వంగినప్పుడు జీను చోటు పైకి లేచి, పొట్ట బిగుసుకోవడం పక్కన నిలబడి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. గుర్రం కాలు కదిపి దొంగదారిన క్యారెట్ అందుకుంటే ఆ వంపు లెక్కలోకి రాదు. క్యారెట్‌ను గబుక్కున లాగినా, బలవంతంగా దూరం పెంచినా కండరం పని చేయదు, సాగి నొప్పి పుడుతుంది.

రెండో రకం వ్యాయామాలు గుర్రం ప్రతిచర్యల మీద ఆధారపడతాయి. పొట్ట కింద నడిమి గీత మీద వేళ్లతో ఒత్తితే గుర్రం వీపు ఎత్తుతుంది. పిరుదుల మీద తోకకు ఇరువైపులా వేళ్లు దించితే కటిని కిందికి తిప్పి, నడుము గుండ్రంగా చేస్తుంది. తోకను మెల్లగా ఒక పక్కకు లాగి పట్టుకుంటే, పడకుండా నిలబడటానికి తొడ, పిరుదు కండరాలు బిగుస్తాయి. ఒత్తిడి గుర్రం భరించేంతే ఉండాలి. తన్నే గుర్రం వెనక నిలబడి ఈ పని చేయకూడదు.

*మూడో దశ: రౌతు లేని పని.* ముందు నడక, నేరుగా. నేల మీద పరిచిన కర్రలను దాటించడం వల్ల గుర్రం కీళ్లు ఎక్కువగా మడిచి కాళ్లు పైకెత్తుతుంది. నడకకు కర్రల మధ్య సుమారు 80–90 సెంటీమీటర్లు, ట్రాట్‌కు 1.2–1.4 మీటర్లు పెడతారు. గుర్రం అంగను బట్టి ఈ దూరం సర్దుకోవాలి. మెల్లని ఎత్తు ఎక్కించడం, నాలుగైదు అడుగులు నేరుగా వెనక్కి నడిపించడం, వెనక నుంచి పొడవు పగ్గాలతో నడిపించడం ఇదే దశలోవి. తాడు పట్టి గుండ్రంగా తిప్పడం తప్పనిసరి అయితే వలయం పెద్దదిగా ఉండాలి, కొద్ది నిమిషాలకు మించకూడదు. చిన్న వలయంలో కటి కీళ్ల మీద పక్కవాటు ఒత్తిడి పెరుగుతుంది.

నీళ్ల ట్రెడ్‌మిల్ మీద నడిపితే గుర్రం కాళ్లు ఎక్కువగా మడుస్తుంది. ఈత సంగతి వేరు. తల పైకెత్తి ఈదే గుర్రం వీపు కిందికి జారుతుంది. రేసు గుర్రాల ఊపిరితిత్తులకు పనికొచ్చే ఈతకొలను నడుము నొప్పి ఉన్న గుర్రానికి తగదు.

*నాలుగో దశ: తిరిగి స్వారీ.* రౌతు లేకుండా నేరుగా, పెద్ద వలయంలో రెండు వైపులా సమంగా ట్రాట్ చేయగలిగాకే జీను వేయాలి. మొదట నడకే. పది పదిహేను నిమిషాల పాటు పొడవు పగ్గంతో మెడ కిందికి చాచనిచ్చి నడిపి, తర్వాత నిలబడి కూర్చునే తేలిక ట్రాట్‌ను కొద్ది కొద్దిగా కలుపుతారు. నడక నుంచి ట్రాట్‌కు, ట్రాట్ నుంచి నడకకు మార్పులు వెనక భాగానికి మంచి కసరత్తు. క్యాంటర్, పక్కనడకలు, దూకుళ్లు చివరికి. క్యాంటర్‌ను తొలుత నేరు బాటలో, రౌతు జీను మీది నుంచి కొంచెం లేచి, కొద్దిసేపే చేయిస్తారు.

ఒక వారంలో ఒకే మార్పు చేయాలన్నది ఈ పనిలో పాటించాల్సిన నియమం. వ్యవధి పెంచితే వేగం పెంచరు, వేగం పెంచితే వ్యవధి పెంచరు. మర్నాడు ఉదయం శాల నుంచి బయటికి వచ్చేటప్పుడు గుర్రం వేసే తొలి అడుగులే కొలత. అవి బిగువుగా ఉంటే కిందటి మెట్టుకు దిగాలి.

జీను, గిట్ట, రౌతు

నడుము మీది నొప్పికి జీను కారణమో ఫలితమో చెప్పడం తేలిక కాదు. జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారిపోతుంటే రౌతు వంకరగా కూర్చుంటున్నాడనే అనుకుంటారు. వెనక కాలి కుంటు వల్ల జీను జారుతుందని, కుంటును మత్తుతో అణచగానే చాలా గుర్రాల్లో జీను నిలబడిందని గ్రేవ్, డైసన్‌ల పరిశోధనలు చూపాయి. వ్యాయామంతో వీపు కండ పెరుగుతున్న కొద్దీ జీను బిగుతవుతుంది. పునరావాస కాలంలో దాన్ని కొన్ని వారాలకొకసారి సరిచూడాలి.

75 కిలోల బరువు వేసిన జీనుతో గుర్రం వీపు మొత్తంగా కిందికి వంగుతుందని 2004లో డి కాక్ బృందం కొలిచి చూపింది. రౌతు బరువు మీద 2008లో 8 గుర్రాలతో జరిగిన ప్రయోగంలో, గుర్రం బరువులో 25, 30 శాతం మోసినప్పుడు కండరాల నొప్పి, బిగువు ఎక్కువగా కనిపించాయి. జీనుతో కలిపి 20 శాతానికి మించకూడదన్న వాడుకకు ఇలాంటి ప్రయోగాలు బలమిస్తున్నాయి. 500 కిలోల గుర్రానికి అది 100 కిలోలు. కోలుకుంటున్న గుర్రానికి అంతకంటే బాగా తక్కువే ఉండాలి, రౌతు నిలకడగా కూర్చోగలిగినవాడై ఉండాలి. వెనక గిట్టలను వేళకు చెక్కించి, మడమకు ఆసరా ఇచ్చే లాడం వేయించడం కూడా చికిత్సలో భాగమే.

మన దేశంలో

మన రైడింగ్ స్కూళ్లలోని గుర్రాల్లో చాలా వాటి తొలి బతుకు రేసు మైదానంలో గడిచింది. హైదరాబాద్‌లో మలక్‌పేట రేసుకోర్సు ఉంది. పరుగు మానేసిన థారోబ్రెడ్లు స్వారీ బడులకు, క్లబ్బులకు చేరడం మామూలే. రేసుల్లో మరణించిన థారోబ్రెడ్ల కటి భాగాలను పరీక్షించిన అమెరికా పరిశోధకుడు కెవిన్ హాస్లర్ బృందం, సాక్రోఇలియాక్ కీళ్లలో అరుగుదల విస్తారంగా ఉన్నట్లు 1999లో నివేదించింది. రేసు నుంచి వచ్చిన గుర్రాన్ని కొత్త రౌతుల చేతికిచ్చే ముందు నడుము, కటి పరీక్ష చేయించడం అందుకే అవసరం. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులు స్వారీ నేర్చుకుంటారు. నేర్చుకునే రౌతులను రోజూ మోసే ఇలాంటి గుర్రాలకు వీపు సంరక్షణ మరింత ముఖ్యం. గుర్రాల మీద పరిశోధనకు హర్యానాలోని హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం 1980ల నుంచి పనిచేస్తోంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెస్సాజ్ స్వర్ణం గెలిచింది. వెనక భాగం మీద ఎక్కువ భారం వేసే ఆటల్లో ఇది ఒకటి.

నీళ్ల ట్రెడ్‌మిల్, సింటిగ్రఫీ లాంటివి మన ఊళ్లలో అరుదు. క్యారెట్ వంపులు, నేల మీది కర్రలు, చేతి నడక, ఎత్తు బాట మాత్రం ఏ శాలలోనైనా కుదురుతాయి.

కోలుకునే అవకాశం

కండరం పట్టివేత ఒక్కటే అయితే గుర్రం కొన్ని వారాల్లో పనిలోకి వస్తుంది. లిగమెంటు దెబ్బకు, సాక్రోఇలియాక్ కీలు నొప్పికి నెలలు పడతాయి. నొప్పి మొదలైన వెంటనే గుర్తించి, వెనక కాలిలో వేరే జబ్బు లేకపోతే ఫలితాలు బాగుంటాయి. ఏళ్ల తరబడి సాగిన నొప్పిలో, కీలు బాగా అరిగినప్పుడు పాత స్థాయి పోటీకి తిరిగి రావడం కష్టం. అలాంటి గుర్రాలు తేలికపాటి బయటి స్వారీకి, నెమ్మదైన పనికి పనికిరావచ్చు. కోలుకున్న గుర్రానికి కూడా మెడ వంపులు, కర్రల పని వారానికి కొన్ని రోజులు జీవితాంతం సాగించాలి. సుదీర్ఘ సెలవు ఇవ్వడం దానికి విశ్రాంతి కాదు. పని మానేసిన కొద్దీ లోపలి కండరం మళ్లీ సన్నగిల్లి, అదే నొప్పి అదే కీలు దగ్గర మొదలవుతుంది.